లారీ ముందు చక్రాలు, స్టీరింగ్ లూజు: ఆడుతున్నది ఏదో పట్టుకున్నాకే పార్టు విప్పాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. గుంటూరు మిర్చి యార్డు నుంచి చెన్నై వైపు లోడ్లు కొట్టే ఆరు చక్రాల బండి, పాతదే, పవర్ స్టీరింగ్. 50 దాటితే బండి లైన్లో నిలవట్లేదు, స్టీరింగ్ అటూ ఇటూ దిద్దుకుంటూనే పోవాల్సి వస్తోంది, గుంతలో పడితే ముందు ఎడమ వైపు టక్‌మని కొడుతోంది. టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు) ఎండ్లు రెండూ కొత్తవి వేశారు, అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించారు, ఏమీ తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ రెండు వైపులా కింగ్ పిన్నులు (ముందు చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమైన నిలువు పిన్నులు) మార్చేద్దాం అంటున్నాడు. మార్చాలా, ఈలోపు వచ్చే వారం చెన్నై లోడు ఎత్తొచ్చా అన్నావు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముందు యాక్సిల్, స్టీరింగ్ పనే ఎక్కువగా చేస్తాను. సూటిగా చెప్తున్నా, కింగ్ పిన్ అరిగే ఉండొచ్చు, అరగకపోయీ ఉండొచ్చు, కానీ బండిని జాకీ మీదకి ఎత్తి పలుగు పెట్టి చూడకుండా ఆ మాట ఎవరూ అనకూడదు. స్టీరింగ్ చక్రం దగ్గర మొదలుపెట్టి టైరు దాకా పది పన్నెండు చోట్ల లూజు రావచ్చు, సీట్లో కూర్చున్న డ్రైవరు చేతికి మాత్రం అన్నీ ఒకేలా తెలుస్తాయి. అందుకే ఒక్కో పార్టు మార్చుకుంటూ పోతే డబ్బు అయిపోతుందే తప్ప జబ్బు దొరకదు. సగం రోజు ఖాళీ చేసుకుని, ఒక మనిషిని తోడు పెట్టుకుని, కింద చెప్పినట్టు చూడు. మెకానిక్‌ని కూడా పక్కనే ఉంచుకో. గొడవ పడమని కాదు, ఇద్దరూ ఒకే చోట ఆడటం కళ్లతో చూస్తే తర్వాత మాటా మాటా రాదు.

అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించావు కదా, ముందు దాని సంగతి. జాయింట్లలో ప్లే, అంటే లూజు, ఉండగా చేసిన అలైన్‌మెంట్‌కి విలువ లేదు. మిషన్ మీద చక్రం నిలబడిన తీరు వేరు, రోడ్డు మీద 60లో గాలి, లోడు తోసినప్పుడు అది నిలబడే తీరు వేరు. ఆ డబ్బు ఇక పోయినట్టే అనుకో. మళ్లీ చేయించాల్సిందే, కానీ అన్ని పనులూ అయ్యాక ఆఖరున.

మొదట పనిముట్టు పట్టకుండా బండి చుట్టూ ఒకసారి తిరుగు. ముందు టైర్ల మీద అరచేయి పెట్టి లోపల నుంచి బయటికి, బయట నుంచి లోపలికి రాయి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపం పళ్లలా గీసుకుంటే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. ఒక అంచే అరిగితే క్యాంబర్ (చక్రం పై నుంచి కిందకి వాలి ఉండే కోణం) మారింది, అంటే కింగ్ పిన్ బుష్‌లో గానీ హబ్ బేరింగ్‌లో గానీ లూజు వచ్చి చక్రం వాలి ఉండొచ్చు, లేదా యాక్సిల్ వంగి ఉండొచ్చు. చుట్టూ అక్కడక్కడా పల్లాలు పల్లాలుగా అరిగితే షాక్ అబ్జార్బరు, బేరింగు, బ్యాలెన్సు, ఈ మూడింటి మీదా అనుమానం పెట్టుకో. రెండు టైర్ల గాలి కూడా గేజ్ పెట్టి చూడు. కాలితో తన్ని చూడటం లెక్కలోకి రాదు. ఒకవైపు గాలి తక్కువుంటే బండి ఆ వైపు లాగుతుంది, మనం స్టీరింగ్ మీద నింద వేస్తాం.

తర్వాత చక్రం నట్లు. దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకు దీని మీదే భయం ఎక్కువ. నట్టు దగ్గర నుంచి తుప్పు చార బయటికి కారినట్టు ఉన్నా, నట్టు చుట్టూ డిస్కు (టైరు ఎక్కించే ఇనుప చక్రం) మీద మెరిసే రింగు పడినా ఆ నట్టు కొన్నాళ్లుగా లూజుగా తిరుగుతోందని అర్థం. అప్పుడు బిగించి వదిలేయకు, చక్రం విప్పి డిస్కు రంధ్రాలు కోలగా సాగాయా, స్టడ్డు మర అరిగిందా చూడు. రంధ్రం కోలగా అయితే ఆ డిస్కు మళ్లీ వాడొద్దు. ఎప్పుడు చక్రం విప్పి బిగించినా 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఆపి మళ్లీ టార్క్ (నట్ల బిగువు) చూసుకోవాలి. విజయవాడలో బిగించి బయల్దేరితే చిలకలూరిపేటలో ఆపి చూస్తే సరిపోతుంది.

ఇప్పుడు బండి బరువు నేల మీద ఉండగానే చేసే పరీక్ష. చక్రాలు నేరుగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచు. పవర్ స్టీరింగ్ బండికి ఇంజిన్ ఆపి ప్లే కొలిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పంపు ప్రెషర్ లేనప్పుడు బాక్సులో వాల్వు కదిలే కాస్త ఖాళీ కూడా చేతికి లూజులాగే తగులుతుంది. స్టీరింగ్ అంచుకి ఒక టేపు ముక్క అంటించి, టైరు కదలడం మొదలయ్యేదాకా ఎడమకి ఎంత, కుడికి ఎంత తిరిగిందో స్కేలుతో కొలువు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వ నిబంధన ప్రకారం ఈ ప్లే 30 డిగ్రీలు దాటకూడదు, బాల్ జాయింట్లకి రబ్బరు క్యాపులు ఉండాలి, బోల్టులు, పిన్నులు ఊడకుండా లాక్ చేసి ఉండాలి. 30 డిగ్రీలంటే 50 సెంటీమీటర్ల స్టీరింగ్ చక్రానికి అంచు దగ్గర సుమారు 13 సెంటీమీటర్లు. ఫిట్‌నెస్‌లో పాసైంది కదా అని ధీమాగా ఉండొద్దని ఈ లెక్క చెప్తున్నా. అది చట్టం ఒప్పుకునే చివరి గీత. అంత ప్లే ఉన్న బండిని జాతీయ రహదారి మీద రాత్రిపూట లోడుతో నేనైతే తోలను. బాగున్న బండిలో ఇది రెండు మూడు వేళ్ల వెడల్పుకి మించదు.

కొలిచాక మనిషిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అదే ఖాళీలో, టైరు కదలబోయేంత వరకే, అటూ ఇటూ ఊపుతూ ఉండమను. నువ్వు టార్చి తీసుకుని పక్క నుంచి కిందకి చూడు. టైరు ముందు పడుకోవద్దు, చక్రానికీ చాసిస్‌కీ మధ్య చెయ్యి పెట్టొద్దు. చూసే పద్ధతి ఒక్కటే: ఒక పార్టు కదిలాక దాని పక్కది ఆలస్యంగా కదిలితే లూజు ఆ రెండింటి మధ్యే ఉంది. పై నుంచి మొదలుపెట్టి కిందకి రా. కాలమ్ కింద యూనివర్సల్ జాయింటు, జారే స్ప్లైన్ (గాడుల్లో పళ్లు కూర్చునే జాయింటు) ముందు చూడు. క్యాబిన్ లేచే బండ్లలో ఈ స్ప్లైన్ అరగడం మామూలే, చూసేవాళ్లే తక్కువ. ఆ తర్వాత స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించిన చోట వేలు పెట్టు, సగం వేలు బాక్సు మీద, సగం చాసిస్ మీద. బాక్సు కదిలితే వేలికి వెంటనే తెలుస్తుంది. బోల్టు లూజు కావచ్చు, బ్రాకెట్ దగ్గర చాసిస్ చీలి ఉండొచ్చు, మట్టి తుడిచి చూస్తేగానీ ఆ చీలిక కనపడదు.

బాక్సు గట్టిగా ఉంటే దానిలోకి వెళ్లే షాఫ్టుని, దాని నుంచి దిగే డ్రాప్ ఆర్మ్‌ని కలిపి చూడు. షాఫ్టు తిరుగుతోంది, ఆర్మ్ కదలడం లేదంటే లూజు బాక్సు లోపల ఉంది. బాక్సు నుంచి బయటికి వచ్చి ఆర్మ్‌ని పట్టుకున్న షాఫ్టు కదులుతోంది, ఆర్మ్ మాత్రం లేటుగా వస్తోందంటే స్ప్లైన్ పోయింది లేదా నట్టు వదిలింది, ఆ బండి అక్కడి నుంచి కదలకూడదు. ఆ తర్వాత వరసగా డ్రాగ్ లింక్ (డ్రాప్ ఆర్మ్ నుంచి చక్రం వైపు పోయే రాడ్డు) రెండు కొసలు, స్టబ్ యాక్సిల్‌కి (కింగ్ పిన్ మీద తిరుగుతూ హబ్‌ని మోసే ముక్క) స్టీరింగ్ ఆర్మ్ బిగించిన చోటు, చివరికి టై రాడ్ చూడు. మీవి ఎండ్లు కొత్తవి కాబట్టి వాటి టేపరు (కొస వైపు సన్నబడే కాడ) స్టబ్ ఆర్మ్‌లో సరిగ్గా కూర్చుందా, క్లాంపు బోల్టులు బిగిశాయా అన్నది ముఖ్యంగా చూడు. కొత్త ఎండ్ వేసినా ఆర్మ్ రంధ్రం అరిగి ఉంటే టేపరు పట్టదు, కొత్తదే లోపల ఆడుతుంది. టై రాడ్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ గట్టిగా ఊపినప్పుడు కొస దగ్గర కదలిక కనిపిస్తే అది పోయినట్టే. రాడ్డు తన చుట్టూ తాను కొద్దిగా తిరగడం మాత్రం తప్పు కాదు, బాల్ జాయింటు అలాగే తిరగాలి. పైపు రెంచి పెట్టి పిండి చూపించి ఇదిగో లూజు అనే వాళ్లున్నారు, అలా పిండితే లోపలి స్ప్రింగు నొక్కుకుని కొత్త ఎండ్ కూడా కదులుతుంది, నమ్మొద్దు.

ఇక జాకీ. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల, మెత్తగా ఉన్న చోట జాకీ పెడితే దిగబడుతుంది, కాంక్రీటు మీద చెయ్యి, లేదంటే జాకీ కింద మందపాటి చెక్క వెయ్యి. యాక్సిల్ కింద, కమాన్ కట్ట (పలకల స్ప్రింగు) దగ్గరలో పెట్టి ఎత్తి స్టాండు పెట్టాకే కింద తల పెట్టు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి పని తొందరలో ఉన్నా సరే వెళ్లకు.

చక్రం నేల వదిలాక పలుగు టైరు కింద పెట్టి పైకి లేపి చూడు, తర్వాత టైరుని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపు. కదలిక కనపడితే అది హబ్ బేరింగా, కింగ్ పిన్నా అన్నది ఇక్కడే తేలాలి. లోపల మనిషిని బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమను, ట్యాంకులో గాలి నిండుగా ఉండాలి. బ్రేక్ తొక్కితే షూలు డ్రమ్ముని పట్టేస్తాయి, షూలు స్టబ్ యాక్సిల్‌కి బిగించి ఉంటాయి కాబట్టి చక్రం, స్టబ్ రెండూ ఒకే ముక్క అయిపోతాయి. బ్రేక్ వేయగానే లూజు మాయమైతే బేరింగు. బ్రేక్ వేసినా అలాగే ఆడితే కింగ్ పిన్. బ్రేక్ వేశాక తగ్గి, కొంత మిగిలితే రెండూ. మీ మెకానిక్‌ని ఈ ఒక్క పరీక్ష నీ ముందు చేసి చూపించమను. ఐదు నిమిషాల పని, దీని మీదే కింగ్ పిన్ సెట్టు కొనాలా వద్దా అన్నది తేలుతుంది.

కింగ్ పిన్నే అని తేలితే ఇంకాస్త దగ్గరగా చూడు. ఊపినప్పుడు యాక్సిల్ కొసకీ స్టబ్‌కీ మధ్య పై బుష్ దగ్గర కదులుతోందా, కింది బుష్ దగ్గరా? పలుగుతో పైకి లేపినప్పుడు మాత్రమే ఖాళీ వస్తుంటే అది బుష్ కాదు, కింద ఉండే థ్రస్ట్ బేరింగ్ అరిగింది లేదా షిమ్ (ఖాళీ పూడ్చే పలుచటి వాషరు) తక్కువైంది. అది చిన్న పని. పిన్ యాక్సిల్ కన్నులోనే ఆడుతుంటే మాత్రం పెద్ద పని. కన్ను అరిగిన యాక్సిల్‌లో ఎంత మంచి కొత్త పిన్ వేసినా కొద్ది రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది, కింగ్ పిన్ను కదలకుండా పట్టే అడ్డ పిన్ను కొట్టి బిగించినా ఆగదు. ఈ సంగతి విప్పక ముందే చూసి ఉంచుకుంటే ఖర్చు ఎంతవుతుందో ముందే తెలుస్తుంది.

బేరింగు అయితే చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఇంకో చేయి కమాన్ కట్ట మీద పెట్టు, గరగరమంటే చేతికి తెలుస్తుంది. హబ్ క్యాప్ తీసి గ్రీజు చూడు. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగిలితే బేరింగ్ పని అయిపోయింది. కృష్ణలో ఇసుక రీచ్‌లకి దిగే బండ్లలోనూ, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిద తోలే బండ్లలోనూ ఇది చాలా చూస్తాం, సీలు కొంచెం చెడితే చాలు. మీది మిర్చి బండే అయినా పాతది కొన్నావంటే ముందు ఓనరు ఏం తోలాడో కనుక్కో.

మూడు గంటలు, తొమ్మిది గంటల స్థానాల్లో పట్టుకుని ఊపితే వచ్చే లూజు ఎక్కువగా టై రాడ్‌ది, డ్రాగ్ లింక్‌ది. ఎడమ చక్రం ఊపుతూ కుడి చక్రం కూడా వెంటనే కదులుతోందా చూడు.

నువ్వు చెప్పిన ఆ టక్ శబ్దం మాత్రం నాకు కింగ్ పిన్ కంటే కమాన్ వైపు అనుమానం కలిగిస్తోంది. యూ బోల్టులు (కట్టని యాక్సిల్‌కి బిగించేవి) లూజైతే యాక్సిల్ కట్ట మీద కొద్దిగా జరుగుతుంది, బ్రేక్ తొక్కినప్పుడు, గుంతలో పడ్డప్పుడు టక్‌మంటుంది, బండి తనంతట తాను దిక్కు మారుస్తుంది. కట్ట పలకలని మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగి ఉంటే ఇంకా దారుణం. కట్టకీ యాక్సిల్‌కీ మధ్య మెరుపు గీతలు గానీ, ఎర్రటి తుప్పు పొడి గానీ కనిపిస్తే అదే. ఒక టేపు తీసుకుని ఎడమ వైపు ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి ఎంతుందో, కుడి వైపు ఎంతుందో కొలువు. తేడా వస్తే యాక్సిల్ జరిగింది. షాకిల్ (కట్ట కొసని చాసిస్‌కి కలిపే లింకు) పిన్నులు, బుష్‌లు కూడా పలుగు వేసి పక్కకి తోసి చూడు. షాక్ అబ్జార్బర్ కింది కన్ను రబ్బరు పోయినా ఇదే శబ్దం, అదైతే అదృష్టమే.

ఇంకో ప్రశ్న, ఈ జబ్బు ఎప్పటి నుంచి? ఈ మధ్య కమాన్ కట్టలు విప్పి పని చేయించాక మొదలైందా? కట్టకీ యాక్సిల్‌కీ మధ్య సన్నగా మొదలై మందంగా ముగిసే వెడ్జ్ పలక కొన్ని బండ్లకి ఉంటుంది, క్యాస్టర్ కోణం (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే వాలు) దానితోనే వస్తుంది. దాన్ని తిరగేసి పెడితే ఒక్క జాయింటు కూడా లూజు లేకుండానే బండి సరిగ్గా నువ్వు చెప్పినట్టే తిరుగుతుంది, స్పీడులో నిలవదు, స్టీరింగ్ వదిలితే మధ్యకి రాదు. ఎన్ని కింగ్ పిన్నులు మార్చినా అది పోదు. పైగా మిర్చి లోడు ఎత్తు ఎక్కువ, పైన ఊగేదంతా స్టీరింగ్‌లోకి వస్తుంది, కాబట్టి ఖాళీ బండితోనూ లోడు బండితోనూ తేడా ఎలా ఉందో కూడా గమనించు.

ఒక విషయం గట్టిగా చెప్తున్నా. స్టీరింగ్ బాక్సు మీద అడ్జస్ట్ స్క్రూ ఉంటుంది, దాన్ని ఒక చుట్టు బిగిస్తే ప్లే తగ్గినట్టు అనిపిస్తుంది. లూజు వేరే చోట ఉండగా ఈ స్క్రూ ముట్టుకోనివ్వకు. మధ్యలో బిగుసుకుపోయి మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రాదు, లోపల పళ్లు తొందరగా అరుగుతాయి, మంచి బాక్సు పాడవుతుంది. అలాగే డ్రాప్ ఆర్మ్, టై రాడ్, స్టీరింగ్ ఆర్మ్, వీటిలో ఏదైనా వంగితే గ్యాస్ పెట్టి కాల్చి సరిచేస్తామంటే, అరిగిన చోట వెల్డింగ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు. కాల్చిన ఇనుము తన బలం పోగొట్టుకుంటుంది, అది విరిగే రోజు బండి ఏ లైన్లోకి పోతుందో ఎవరికీ తెలియదు, ఎదురుగా బైకు మీద వచ్చేవాడికి అసలే తెలియదు.

పని చేయించేటప్పుడు వరస ముఖ్యం. ముందు నట్లు, యూ బోల్టులు, షాకిల్ బుష్‌లు. తర్వాత హబ్ బేరింగ్, కింగ్ పిన్. తర్వాత లింకులు, బాక్సు. ఆఖరున అలైన్‌మెంట్. కింగ్ పిన్ వేస్తే బుష్‌లు రెండూ ఒకే పొడవైన రీమరుతో (రంధ్రం కొలతకి తొలిచే పనిముట్టు) ఒకే లైనులో రీమ్ చేయించు, పైది ఒకసారి కిందది ఒకసారి విడివిడిగా చేస్తే లైను తప్పి పిన్ను ఒక పక్కే అరుగుతుంది. గ్రీజు పట్టిన పిన్ను బొటనవేలితో తోస్తే దిగాలి, సుత్తి పడిందంటే బిగువు. గ్రీజు రంధ్రం బుష్ రంధ్రంతో కలిసిందో లేదో బిగించక ముందే చూడాలి. తర్వాత గ్రీజు కొట్టేటప్పుడు నల్లటిది పోయి కొత్తది బయటికి వచ్చేదాకా కొట్టు, ఒక వైపు రాకపోతే జాకీ మీద ఎత్తి స్టీరింగ్ ఆ చివర ఈ చివర తిప్పి మళ్లీ కొట్టు.

హబ్ నట్టు సంగతి కుర్రాళ్లకి చాలామందికి తెలియడం లేదు కాబట్టి రాస్తున్నా. చక్రం తిప్పుతూనే నట్టు గట్టిగా బిగించాలి, రోలర్లు సరిగ్గా కూర్చుంటాయి, తర్వాత మీ బండి మాన్యువల్‌లో చెప్పినంత వెనక్కి వదలాలి. డయల్ గేజ్ పెడితే చాలా ట్రక్కులకి 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల ప్లే ఉండాలని చెప్తారు, అంటే చేతికి తెలిసీ తెలియనంత. బొత్తిగా లూజు లేకుండా బిగిస్తే హబ్ కాలిపోతుంది. స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా దూర్చే పిన్ను) రంధ్రం కలవకపోతే ఇక్కడ నట్టుని కొద్దిగా వదిలి కలపాలి. బాల్ జాయింట్లకి దీనికి తలకిందులు: టై రాడ్, డ్రాగ్ లింక్ నట్లని రంధ్రం కోసం ఎప్పుడూ వెనక్కి వదలకూడదు, ఇంకొంచెం బిగించే కలపాలి. పిన్ను ప్రతిసారీ కొత్తది వెయ్యి. పాతదాన్ని తీగలా సాగదీసి మళ్లీ తోసే అలవాటు మానుకోవాలి, మేకు ముక్క వంచి పెట్టిన బండ్లు కూడా నా దగ్గరికి వస్తుంటాయి, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది.

ఇక చెన్నై లోడు. బ్రేక్ పరీక్షలో కింగ్ పిన్‌లో కొద్దిపాటి ప్లే మాత్రమే తేలి, మిగతావన్నీ గట్టిగా ఉంటే, గ్రీజు కొట్టి, స్పీడు తగ్గించి దగ్గర లోడ్లు ఒకటి రెండు తోలుకుని వారంలో పని పెట్టుకోవచ్చు. చెన్నై మాత్రం వద్దు. లూజు ఏ బాల్ జాయింటులో ఉన్నా, డ్రాప్ ఆర్మ్ దగ్గర ఉన్నా, బాక్సు బ్రాకెట్ దగ్గర చీలిక కనపడినా, చక్రం నట్టు దగ్గర తుప్పు చార ఉన్నా, యూ బోల్టు వదిలినా, హబ్‌లో గరగర వినపడినా యార్డు దాకా కూడా ఖాళీగా అయినా పోనివ్వకు, ఉన్నచోటికే మెకానిక్‌ని పిలిపించు. లోడు వేరే బండికి అప్పగిస్తే పోయేది కిరాయే. ముందు చక్రం వదిలేస్తే ఆపడానికి డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు.

చూశాక మూడు విషయాలు రాయి: బ్రేక్ తొక్కినప్పుడు లూజు పోయిందా లేదా, రెండు వైపులా హబ్ నుంచి హబ్‌కి టేపు కొలత ఎంత, కమాన్ పని ఎప్పుడు చేయించారు. ముందు టైర్ల ఫోటో కూడా పెట్టు, అరుగుడు కనపడేలా పక్క వెలుతురులో తియ్యి.